నల్లర్‌బోర్ మీద పదకొండు రోజులు

కారవాన్ కొన్నామని చెబితే మన తెలుగువాళ్ళు ముందు అడిగేది "ఎంతయిందండీ?" అని. ఆ తరువాత "అంత డబ్బు పోసి, బాత్రూమ్ మళ్ళీ మీరే ఖాళీ చేసుకోవాలా?" అని. రెండూ న్యాయమైన ప్రశ్నలే. "ఇద్దరిలో ఎవరు నడుపుతారు?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. మావారు నడుపుతారు, నేను పక్కన కూర్చుని జంతికల డబ్బా అందిస్తాను. అడిలైడ్ వచ్చిన ఈ ఇరవై నాలుగేళ్ళలో ఎంత దూరం వెళ్ళినా అంతే జరిగింది.

ఈసారి ఆ ప్రశ్న నేనే లేవదీశాను. మావారికి రెండేళ్ళ కిందట గుండెకి స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగానే ఉన్నారు, కార్డియాలజిస్టు కూడా హాయిగా వెళ్ళిరమ్మన్నారు. కానీ మేం వెళ్దామనుకున్నది అడిలైడ్ నుంచి పడమరగా, నల్లర్‌బోర్ మైదానం దాటి, పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పెరెన్స్ దాకా. ఆ దారిలో సెడ్యూనా దాటితే మళ్ళీ ఆసుపత్రి అనేది నార్స్‌మన్‌లోనే. మధ్యలో 1,200 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం దగ్గర బయలుదేరి ఆంధ్రా కోస్తా పొడవునా తడ దాకా పోయినా ఇంకా కాస్త మిగిలే దూరం. యలాటాలో ఒక క్లినిక్, యూక్లాలో నర్సు ఉండే చిన్న కేంద్రం తప్పిస్తే ఇంకేమీ లేవు. ఆ దారి మధ్యలో ఆయనకి ఒంట్లో బాగోకపోతే, రెండున్నర టన్నుల బండిని వెనకేసుకుని నేనేం చెయ్యాలి?

"నీకెందుకే ఆ శ్రమ, నేనున్నాగా" అన్నారు. ఆయన ఉండటం గురించే కదా నా బెంగ. ఆ మాట పైకి అనలేదు గానీ, ఒక శనివారం పూట టోయింగ్ క్లాసుకి డబ్బు కట్టేశాను. ఒక పెద్ద ఖాళీ స్థలంలో నారింజరంగు కోన్‌లు పెట్టి రోజంతా ముందుకీ వెనక్కీ నడిపించారు. రివర్స్‌లో కారవాన్ కుడికి వెళ్ళాలంటే స్టీరింగ్ ఎడమకి తిప్పాలి. చెప్పడానికి ఒక్క వాక్యం, చేతికి ఎక్కడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. బరువు సర్దడం గురించి ఆ మాస్టారు బొమ్మలేసి గంటసేపు చెప్పారు. నాకది ఐదు నిమిషాల్లో అర్థమైంది, ఎందుకంటే మా నాన్న ఎడ్లబండి మీద గడ్డి, రాళ్ళు తోలించడం చూసినదాన్ని. బండి ముందు బరువెక్కువైతే కాడి ఎద్దుల మెడలు నొక్కేస్తుంది. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతుకి ఉరిపడుతుంది. కారవాన్ కూడా అంతే. మొత్తం బరువులో పదోవంతు దాకా కారు కొక్కెం మీద పడాలి. వెనక బరువెక్కువైతే వేగంలో తోకలా ఊగి, కారునే తిప్పి పడేస్తుంది. నీళ్ళ ట్యాంకులు ఎక్కడున్నాయి, బియ్యం బస్తా ఎక్కడ పెట్టాం అన్నది నిజంగా ప్రాణం మీదకొచ్చే విషయమే. బయలుదేరే ముందు వేబ్రిడ్జి మీద తూకం వేయించి మరీ కదిలాం.

సెప్టెంబరు మొదటివారం. సెడ్యూనా దాకా మొదటి మూడు రోజులు గోధుమ చేలు, పెద్ద పెద్ద గాదెలు, మంచి కాఫీ. అక్కడిదాకా ఎవరైనా వెళ్ళొచ్చు. మావారే నడిపారు. నేను రెండుసార్లు అడిగాను, "రేపు చూద్దాం" అన్నారు. రేపు కూడా "రేపు" అన్నారు.

నల్లర్‌బోర్ అన్న మాట తెలుగులా వినిపిస్తుంది గానీ, లాటిన్లో చెట్టు లేనిది అని. హైదరాబాదు మిత్రుడొకాయన "నల్లా లేదు, బోరుంది, అందులో ఉప్పునీళ్ళు, పేరు సరిగ్గా పెట్టారండీ" అన్నాడు. హాస్యానికి అన్నా అక్కడి సంగతి అదే. సుమారు రెండు లక్షల చదరపు కిలోమీటర్ల సున్నపురాతి పలక అది. ఒకప్పుడు సముద్రం అడుగున ఉండి పైకి లేచినది. వాన పడితే నీరు నిలవదు, వాగులు లేవు, చుక్క కూడా రాతిలోంచి కిందికి ఇంకిపోతుంది. అడుగున గుహలు, గుహల్లో నీళ్ళు. కాకల్‌బిడ్డీ అనే చోట ఆరు కిలోమీటర్లకు పైగా నీటి సొరంగం ఉంది. మాది పిడుగురాళ్ళ. సున్నపుబట్టీల పొగ, ఇంటి ముందు నాపరాళ్ళు, వేసవిలో బిందె నీళ్ళ కోసం వరస. అందుకని నల్లర్‌బోర్ చూడగానే నాకు కొత్తగా అనిపించలేదు. రాయి అదే తెలుపు, దుమ్ము అదే రుచి.

నీళ్ళ దగ్గర మా పల్నాటి చదువు పనికొచ్చింది. రోడ్‌హౌస్‌లలో నీళ్ళు అడక్కూడదు. వాళ్ళు బోరు నీళ్ళని శుద్ధి చేసుకునో, ఎక్కడినుంచో తెప్పించుకునో బతుకుతారు. మా రెండు ట్యాంకులు కలిపి 190 లీటర్లు, తాగడానికి విడిగా రెండు క్యాన్‌లు. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు తొలి విడత తోమటం, మలి విడతకి మాత్రమే మంచినీళ్ళు. ఇద్దరికీ రోజుకి పద్దెనిమిది, ఇరవై లీటర్లలో గడిచిపోయింది. కుక్కర్ వల్ల గ్యాసూ నీళ్ళూ రెండూ కలిసొచ్చాయి. పెనాంగ్‌లో, ఆ పాత గాలిమరల మ్యూజియం ఉన్న ఊళ్ళో, మొదటి విజిల్‌కి పక్క కారవాన్‌లోని పెద్దాయన ఒక్క ఉదుటున బయటికొచ్చాడు. రెండో విజిల్‌కి కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. సాంబారు పోశాను.

పెనాంగ్, నండ్రూ దాటాక యలాటా ఆదివాసీ భూమి మొదలవుతుంది. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. "ఖాళీ నేల, ఏమీ లేదు, ఎవరూ లేరు" అని ఈ దారి గురించి అందరూ అంటారు. మనం కూడా అలాగే ఫొటోలు పెడతాం. ఈ నేల ఖాళీగా ఉందనుకునే కదా, బ్రిటిషువాళ్ళు ఉత్తరాన మారలింగాలో అణుబాంబులు పేల్చి చూసుకున్నారు. 1956, 57లలో పెద్ద పేలుళ్ళు, 1963 దాకా చిన్న ప్రయోగాలు. అంతకుముందే, 1952లో, ఊల్డియా దగ్గర ఉన్న అనంగు ప్రజలని అక్కడినుంచి కదిలించి సముద్రం వైపు ఈ యలాటాకి తెచ్చారు. ఎడారి మనుషులని తెచ్చి తీరం దగ్గర పెట్టారు. భూమి మీద హక్కు తిరిగి ఇస్తూ చట్టం వచ్చింది 1984లో. నేను భోపాల్ గురించి విన్న ఏడాదే అది. హైవే మీద యలాటా బోర్డు రెండు నిమిషాల్లో వెనక్కి పోతుంది. పోనివ్వకుండా ఆ కథ చదువుకుని వెళ్తే మంచిది.

తిమింగలాలు కూడా ఈ ఆదివాసీ భూమి అంచునే. హెడ్ ఆఫ్ బైట్ అనే చోట కొండ అంచు మీద చెక్కల నడవ కట్టారు. మే నుంచి అక్టోబరు దాకా సదరన్ రైట్ తిమింగలాలు దక్షిణధ్రువం వైపు సముద్రాల నుంచి ఇక్కడికి వస్తాయి. రైట్ అన్న పేరు వేటగాళ్ళు పెట్టింది. నెమ్మదిగా ఈదుతుంది, చంపితే మునగకుండా తేలుతుంది కాబట్టి చంపడానికి సరైనది అని. ఎంత పాపిష్టి పేరు! ఆడవి సుమారు మూడేళ్ళకోసారి పురుడుకి వస్తాయి, చాలావరకు వచ్చిన చోటికే మళ్ళీ వస్తాయి. పుట్టింటికి వచ్చినట్టే, కానీ వడ్డించేవాళ్ళు లేని పుట్టిల్లు. ఇక్కడ వాటికి తిండి ఉండదు. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే పిల్లకి పాలిస్తూ, తాను చిక్కిపోతూ, పిల్ల ఈదగలిగే దాకా ఉంటుంది. మేం చూసిన రోజు పదకొండు తల్లీపిల్లల జంటలు లెక్కపెట్టాం. ఒక పిల్ల తల్లి వీపు మీదికెక్కి జారడం, మళ్ళీ ఎక్కడం, మళ్ళీ జారడం. మావారు రెయిలింగ్ పట్టుకుని గంటన్నర కదల్లేదు. గుడిలో కూడా ఆయన అంతసేపు నిలబడరు.

ఆ పక్కనుంచే బుండా శిఖరాలు. అరవై నుంచి వంద మీటర్ల పైన ఎత్తు, అడుగున సుద్దలా తెలుపు, పైన ఇటుకరంగు. భూమి అక్కడ కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. కంచె లేదు, గాలి ఉంది. లుకవుట్ దగ్గర నిలబడి చూసి రండి, అంచు దాకా వెళ్ళి సెల్ఫీలు వద్దు.

బార్డర్ విలేజ్ దగ్గర పశ్చిమ ఆస్ట్రేలియా క్వారంటైన్. పళ్ళు, కూరగాయలు, తేనె, మొక్కలు, విత్తనాలు రానివ్వరు. అక్కడి పంటలకి తెగుళ్ళు, ఈగలు రాకుండా వాళ్ళ జాగ్రత్త వాళ్ళది. మన వంటిల్లంటే సగం ఆ జాబితాయే. కరివేపాకు మా పెరట్లోది, పారేయడానికి చేతులు రావు. అందుకని ముందురోజు రాత్రి నల్లర్‌బోర్ రోడ్‌హౌస్ దగ్గర ఆగి, ఉన్న కూరలన్నీ వండేశాను. వంకాయలు, ఉల్లిపాయలు, టమాటాలు, చివరి నిమ్మకాయ దాకా. అంత కరివేపాకుతో తాలింపు నేను పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు. చుట్టుపక్కల ఐదు కారవాన్‌లవాళ్ళు కంచాలు పట్టుకుని వచ్చారు. వాళ్ళూ తమ ఆపిల్స్, తేనె సీసాలు ఖాళీ చేసుకునే తొందరలోనే ఉన్నారు. ఆ రాత్రి ఆ బంకు వెనకాల జరిగింది నిజమైన వనభోజనం. వనమే లేదు గానీ.

మర్నాడు క్వారంటైన్ అమ్మాయి ఫ్రిజ్ తెరిచి చూసింది. పప్పులు, పొడులు, పచ్చళ్ళు ఒక్కొక్కటీ పేరు చెప్పి చూపించాం. గోంగూర జాడీ మూత తీసి వాసన చూసి, నవ్వి మూసేసింది. దాటేశాం. అక్కడినుంచి నార్స్‌మన్ దాకా తాజా కూరన్న ఆశ పెట్టుకోకండి. రోడ్‌హౌస్‌లలో బర్గర్లు, వేపుడు ఆలుగడ్డలు దొరుకుతాయి. మాకు కందిపొడి, ఒడియాలు, పప్పు అండ.

సరిహద్దు దాటగానే ఇంకో తమాషా. గడియారం 45 నిమిషాలు వెనక్కి తిప్పుకోవాలి. ఆ నాలుగైదు పల్లెలకి మాత్రమే ఒక సొంత టైము, చట్టంలో లేదు, వాళ్ళు పెట్టుకున్నది. కైగూనా దగ్గర మరో 45 నిమిషాలు వెనక్కి. అడిలైడ్‌లో ఉంటే ఇండియాకీ మాకూ నాలుగు గంటలు తేడా. యూక్లాలో మూడుంబావు. కైగూనా దాటితే రెండున్నర. పిడుగురాళ్ళలో ఉన్న మా అమ్మకి శాటిలైట్ ఫోన్లో ఇది చెబితే, "అయితే దగ్గరికొస్తున్నారన్నమాట" అంది.

యూక్లాలో పాత టెలిగ్రాఫ్ ఆఫీసు చూసి తీరాలి. 1877లో మొదలైంది. పశ్చిమ ఆస్ట్రేలియా మిగతా లోకంతో మాట్లాడింది ఆ తీగ మీదే. తరువాత కుందేళ్ళు వచ్చి తీరంలో గడ్డంతా తినేశాయి, పట్టు పోయి ఇసుక కదిలింది, ఊరు మీద పడింది. ఊరు పైకి మారిపోయింది. ఇప్పుడు ఇసుకదిబ్బల మధ్య నాలుగు రాతిగోడలు కనిపిస్తాయి. ఒక్కో ఏడు ఎక్కువ, ఒక్కో ఏడు తక్కువ.

మండ్రబిల్లా దాటి మదూరా. పేరు చూసి మన మదురై అనుకునేరు, దానికి సంబంధం ఉందని నేను చెప్పను. కానీ సంబంధం ఇంకోటి ఉంది. 1876లో ఇక్కడ స్థావరం పెట్టింది ఇండియాలోని బ్రిటిషు సైన్యానికి గుర్రాలు పెంచడానికి. ఆ రోజుల్లో ఆస్ట్రేలియా గుర్రాలు ఓడల్లో మద్రాసు, కలకత్తా రేవుల్లో దిగేవి. మనకంటే ముందే ఇటూ అటూ వలసలు ఉన్నాయి, పాస్‌పోర్టులు లేని వలసలు.

ఇక ఆ రోజు సంగతి. మదూరా దాటి, కైగూనా వైపు ఒక రోడ్‌హౌస్ దగ్గర రాత్రి ఆగాం. పొద్దు వాలాక ఈ రోడ్డు మీద నడపకూడదు. కంగారూలు, ఈమూలు, ఒంటెలు, ఏది ఎప్పుడు అడ్డొస్తుందో తెలియదు. ఉదయం ఆరింటికి తలుపు మీద దబదబా చప్పుడు. పక్క కారవాన్‌లోని పెద్దావిడ. డెబ్బై దాటి ఉంటుంది. విక్టోరియా నుంచి వచ్చారు, ముందురోజు మా పప్పు తిన్నారు. "నువ్వు నర్సువి కదూ?" అంది. ఇండియా ఆడవాళ్ళందరూ నర్సులే అనుకుంటారు ఇక్కడ. నేను ముప్పై ఏళ్ళూ జీతాల లెక్కలు చూసినదాన్ని. కాదంటూనే పరుగెత్తాను. ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. చెమటలు, ఎడమ చెయ్యి పట్టుకుని. ఆ రంగు నాకు తెలుసు. రెండేళ్ళ కిందట మా హాల్లో సోఫా మీద చూశాను.

మావారు రోడ్‌హౌస్ లోపలికి పరుగు తీశారు. అక్కడివాళ్ళకి ఇది కొత్త కాదు. మేనేజరు ఒక చేత్తో ఫోన్ తిప్పుతూ ఇంకో చేత్తో ఒక పెట్టె తీశాడు. ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసువాళ్ళు ఇలాంటి మారుమూల చోట్ల ఉంచే మందుల పెట్టె అది. అందులో ప్రతి మందుకీ ఒక నంబరు. ఫోన్లో డాక్టరు ప్రశ్నలడుగుతారు, తరువాత ఫలానా నంబరు తీసి ఇవ్వండి అంటారు. మందు పేరు పలకడం రానివాడు కూడా ఇవ్వగలడు. ఇవ్వాల్సింది ఇచ్చాం. విమానం బయలుదేరిందన్నారు. ఈలోగా రోడ్‌హౌస్ కుర్రాడు పికప్ తీసుకుని రన్‌వే పొడవునా రెండుసార్లు హారన్ కొడుతూ తిరిగాడు, కంగారూలు తోలడానికి.

ఈ సర్వీసు మొదలుపెట్టిన జాన్ ఫ్లిన్ మన జేబులోనే ఉంటాడు, 20 డాలర్ల నోటు మీద. మత బోధకుడు. ఈ ఎడారుల్లో జనం డాక్టరు అందక చచ్చిపోవడం చూసి, విమానం అప్పటికింకా వింతగా ఉన్న రోజుల్లో, 1928లో క్లాంకరీ నుంచి మొదటి డాక్టరుని గాల్లోకి పంపించాడు. ఈ హైవే మీద కొన్ని చోట్ల రోడ్డే రన్‌వే. పియానో మెట్లలా తెల్లగీతలు కనిపిస్తాయి, పక్కన బోర్డు ఉంటుంది. ముందు రెండు రోజులూ వాటిని ఫొటో తీసుకున్నాం. ఆ రోజు తరువాత తియ్యలేదు.

రెండు గంటలు దాటాక విమానం దిగింది. ఆయన్ని ఎక్కించారు, ఆవిడకీ చోటు ఉందన్నారు, ఒక్క సంచీతో. మెట్ల దగ్గర ఆవిడ ఆగి వెనక్కి తిరిగి తన కారవాన్ కేసి చూసింది. "దాన్నేం చెయ్యను? నేనెప్పుడూ దాన్ని అడుగు కదపలేదు" అంది. మేనేజరు తాళంచెవి పుచ్చుకుని, ఎంతకాలమైనా ఇక్కడే ఉంటుంది, పైసా అక్కర్లేదు అన్నాడు. విమానం వెళ్ళిపోయింది.

మావారు విమానం కేసి ఎంతసేపు చూశారో, ఆ కారవాన్ కేసి అంతకంటే ఎక్కువసేపు చూశారు. ఆవిడ ఉదయం ఆరేసిన తువ్వాలు ఇంకా బయటి తీగ మీద ఉంది. నేను వెళ్ళి మడిచి లోపల పెట్టి వచ్చాను. వచ్చేసరికి ఆయన మా బండి చుట్టూ రోజూ చేసినట్టే తిరిగి టైర్లు, గొలుసులు, లైట్ల ప్లగ్గు చూసుకున్నారు. తాళంచెవి నా చేతిలో పెట్టి, ఎడమ తలుపు తీసుకుని కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు.

కైగూనా నుంచి బల్లడోనియా వైపు 146.6 కిలోమీటర్లు ఒక్క వంపు లేని రోడ్డు. తొంభై మైళ్ళ స్ట్రెయిట్ అంటారు. నాకు మొదటి రోజుగా అంతకంటే మంచి రోడ్డు దొరకదు. తొంభైలో పెట్టి పోనిచ్చాను. ఎదురుగాలికి స్టీరింగ్ కొట్టుకుంటోంది, డీజిలు 100 కిలోమీటర్లకి పద్దెనిమిది లీటర్ల దాకా తాగుతోంది. వెనకాల ఒక రోడ్ ట్రెయిన్ వచ్చింది, ముప్పై ఆరు మీటర్ల పొడవు. యూహెచ్ఎఫ్ రేడియో నలభయ్యో ఛానెల్లో "కారవాన్, నేను దాటుతున్నాను" అన్నాడు డ్రైవరు. "రండి, దారి ఖాళీ" అన్నాను. మా బండి పక్కకి ఒక ఊపు ఊగింది, క్లాసులో చెప్పినట్టే చక్రం గట్టిగా పట్టుకుని బ్రేకు జోలికి పోలేదు. "థాంక్యూ లవ్" అని వినిపించి అతను ముందుకు పోయాడు. నవ్వుతూ పక్కకి తిరిగి చూశాను. మావారు నిద్రపోతున్నారు. నేను నడుపుతుంటే ఆయన కళ్ళు మూసుకోవడం పెళ్ళయ్యాక అదే మొదలు. మా వీధి చివర కొట్టుకి వెళ్ళినా కాలు బ్రేకు తొక్కుతున్నట్టు నేలకి నొక్కే మనిషి.

సాయంత్రం ఇంకోటి కూడా చేశాం. కారవాన్‌ని కారు నుంచి విడదీయడం ఆయన కూర్చుని చూస్తుంటే నేను ఒక్కదాన్నే చేశాను. చక్రాలకి అడ్డుకట్టెలు, ముందు చక్రం దించడం, ప్లగ్గు తీయడం, గొలుసులు, చివరికి కొక్కెం. మొదటిసారి పన్నెండు నిమిషాలు. మూడోసారి ఏడు. అవసరమైతే బండిని రోడ్డు పక్కన వదిలేసి ఉత్త కారుతో పరుగెత్తడానికి ఏడు నిమిషాలు చాలు. ఆయనే వాచీ పట్టుకుని లెక్కపెట్టారు.

బల్లడోనియాలో నన్ను నేను మరిచిపోయాను. అక్కడి చిన్న మ్యూజియంలో స్కైలాబ్ ముక్కలున్నాయి. 1979 జూలై గుర్తున్నవాళ్ళు చేతులెత్తండి! నాకు పన్నెండేళ్ళు. అది నెత్తిన పడి అందరం పోతామని మా ఊళ్ళో కోళ్ళన్నీ కోసుకు తిన్నారు, అప్పులిచ్చినవాళ్ళు వసూలుకి తిరిగారు, తీసుకున్నవాళ్ళు ఎలాగూ పోతాంగా అన్నారు. మా నాయనమ్మ దాచుకున్న నెయ్యంతా ఒక్క పూటలో వడ్డించింది. మా మీద పడాల్సిన ఆ స్కైలాబ్ వచ్చి పడింది ఇదిగో ఇక్కడ, ఎస్పెరెన్స్, బల్లడోనియా చుట్టుపక్కల. చెత్త వేశారని ఎస్పెరెన్స్ మునిసిపాలిటీవాళ్ళు నాసాకి 400 డాలర్ల జరిమానా వేశారట. కట్టింది నాసా కాదు. ముప్పై ఏళ్ళ తరువాత ఒక అమెరికా రేడియో వ్యాఖ్యాత చందాలు పోగుచేసి కట్టాడు. ఆ అద్దాల పెట్టె ముందు నిలబడి ఒక తుప్పు రంగు రేకు ముక్కని చూస్తూ, మా నాయనమ్మ నెయ్యి తలుచుకుని నేను నవ్వుతుంటే, కౌంటర్ అమ్మాయి వింతగా చూసింది. చెప్పాను. ఆమె ఇంకో ఇద్దరిని పిలిచి మళ్ళీ చెప్పమంది.

నార్స్‌మన్‌లో ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. ఆ పెద్దావిడ మెసేజ్: పెర్త్‌లో స్టెంట్ వేశారు, మాట్లాడుతున్నాడు, కొడుకు కారవాన్ తేవడానికి వస్తున్నాడు. చివర పప్పు ఎలా చెయ్యాలో రాయమంది. రాశాను.

అక్కడినుంచి దక్షిణంగా 200 కిలోమీటర్లు ఎస్పెరెన్స్. దాని పక్కనే కేప్ లె గ్రాండ్ పార్కులో లక్కీ బే. పిండిలాంటి తెల్ల ఇసుక, అడుగు పెడితే కీచుమంటుంది. ఇసుక మీద కంగారూలు మన వీధి ఆవుల్లా తిరుగుతాయి. ఫొటోలు మీరందరూ చూసే ఉంటారు. నాకు మాత్రం ఆ పక్క తీరం, తిసిల్ కోవ్, చూడాలనిపించింది. మేం నడిచిన హైవేకి పేరిచ్చిన ఎడ్వర్డ్ జాన్ ఐర్ 1841లో ఈ తీరం వెంబడి కాలినడకన వచ్చాడు. దారిలో ఏప్రిల్ ఆఖరున తోటివాడు బాక్స్‌టర్ హత్యకి గురయ్యాడు, ఇద్దరు పారిపోయారు. మిగిలింది ఐర్, వైలీ అనే ఆదివాసీ యువకుడు. తెల్లారుజామున పొదల మీది మంచుని స్పాంజితో ఒత్తి గిన్నెలోకి పిండుకుని తాగిన రోజులున్నాయి. ఈ చుట్టుపక్కలకి చేరేసరికి ఒక ఫ్రెంచి తిమింగలాల వేట ఓడ కనిపించింది, వాళ్ళు అన్నం పెట్టారు. జూలైలో ఆల్బనీ చేరారు. హైవేకి ఐర్ పేరు పెట్టారు. వైలీ పేరు కూడా పెట్టవచ్చు. ఇద్దరిలో ఒక్కరే వచ్చి ఉంటే ఆ దారి ఎవరికీ తెలిసేది కాదు.

క్యాంపులో చోటు ఇరుకు. మూడు ప్రయత్నాల్లో రివర్స్ చేశాను. మావారు వెనకాల నిలబడి చేతులూపారు, రేడియోలో "ఎడమ, ఎడమ, నా ఎడమ కాదు నీ ఎడమ" అన్నారు. కారవాన్ పార్కుల్లో సాయంత్రం వినోదం అంటే కొత్తగా వచ్చినవాళ్ళ రివర్సూ, ఆ భార్యాభర్తల పోట్లాటా చూడటమే. మాదీ చూశారు, చప్పట్లు కూడా కొట్టారు.

ఇప్పుడు ఎస్పెరెన్స్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను. మార్కెట్లో తాజా కొత్తిమీర, టమాటాలు, నాలుగు రోజులకి సరిపడా కొన్నాం. తూర్పుకి వెళ్ళేటప్పుడు క్వారంటైన్ సెడ్యూనా దగ్గర ఉంటుంది. ఈసారి కూరలు ఖాళీ చేయడానికి నండ్రూలో ఆగుదామని నేను, పెనాంగ్‌లో ఆగుదామని మావారు. పెనాంగ్ పెద్దాయన ఇప్పటికి ఏ ఊళ్ళో ఉన్నాడో గానీ, కుర్చీ తెచ్చుకునేవాళ్ళు అక్కడ ఇంకా ఎవరో ఉంటారని ఆయన ఆశ. సగం దారి ఆయన నడుపుతారు, సగం నేను. స్ట్రెయిట్ మాత్రం నాదే.